మా వదిన గొంగళి, నా మాస్ట్ కణాలు

జగ్గయ్యపేటలో మా వీధిలో ఎవరికి దద్దుర్లు లేచినా ముందు మా ఇంటికే వస్తారు. డాక్టరు దగ్గరికి తర్వాత వెళ్తారు, అదీ వెళ్తే. మా ఇంట్లో డాక్టర్లెవరూ లేరు. ఒక గొంగళి ఉంది. నల్ల గొర్రె బొచ్చుతో నేసిన ముతక గొంగళి, వరండాలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. దాని యజమానురాలు మా వదిన, అంటే మావారి అక్కగారు. భర్త పోయాక మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ ఒక ట్రంకు పెట్టె, ఒక కత్తిపీట, ఈ గొంగళి తెచ్చుకుంది.

వైద్యం ఇలా ఉంటుంది. దద్దుర్లు లేచిన మనిషిని వరండాలో నిలబెట్టి, గొంగళి కప్పి, మెడ నుంచి పాదాల దాకా ఆ బొచ్చుతో బరబరా రుద్దుతుంది. రుద్దుతూ ఏదో గొణుగుతుంది. ఆ తర్వాత అదే గొంగళి చుట్టి ఎండలో కూర్చోబెడుతుంది. చెమటలు కారేదాకా లేవనివ్వదు. గంటో రెండు గంటలో గడిచాక దద్దుర్లు అణిగిపోతాయి. వచ్చినవాళ్లు మా వదినకు దణ్ణం పెట్టి, పోతూ పోతూ నా వైపు జాలిగా చూసి పోతారు. ఇంట్లో ఇంత వైద్యం పెట్టుకుని కూడా ఏళ్ల తరబడి దద్దుర్లతో తిరిగే సైన్సు టీచరమ్మను కదా మరి.

మామూలు దద్దురు ఏదైనా కొన్ని గంటల్లో దానంతటదే అణిగిపోతుంది. గొంగళి కప్పినా పోతుంది, కప్పకపోయినా పోతుంది, ఎదురుగా ఇటుకరాయి పెట్టి హారతి ఇచ్చినా పోతుంది. ఈ ముక్క నేను మా వీధిలో చెప్పని మనిషి లేదు. విన్న మనిషీ లేదు.

అసలు దద్దురు ఎందుకు లేస్తుందో చెప్తాను. మన చర్మం కింద, పేగుల గోడల్లో, ఊపిరి గొట్టాల్లో మాస్ట్ కణాలని ఉంటాయి. బయటి ప్రపంచం మన ఒంటిని ఎక్కడెక్కడ తాకుతుందో అక్కడల్లా రక్తనాళాల పక్కన, నరాల పక్కన కాపు కాసి ఉంటాయి. ఒక్కో కణం నిండా చిన్న చిన్న గుళికలు, వాటిలో హిస్టమిన్, ఇంకా ఏవేవో రసాయనాలు. మొదట వీటిని చూసిన జర్మన్ శాస్త్రవేత్త, బాగా మేసి బలిసిన కణాలనుకుని తన భాషలో ఆ అర్థం వచ్చే పేరు పెట్టాడట. శత్రువు లోపలికి వచ్చాడని తోచగానే ఆ గుళికలన్నీ ఒక్కసారి కక్కేస్తాయి. రక్తనాళాలు వదులవుతాయి, వాటిలోని నీరు బయటికి ఊరుతుంది, చర్మం ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, దురద పెడుతుంది. నులిపురుగుల మీదా, తేలు విషం మీదా ఇది మంచి ఆయుధమే. గాయం మానడంలోనూ వీటికి కొంత చెయ్యి ఉందంటారు. కానీ ఆ కణానికి బుర్ర తక్కువ. పిల్లి గోడ దూకినా దొంగే అనుకుని ఇల్లు తగలబెట్టే వాచ్‌మన్ లాంటిది. వేడి తగిలినా, చన్నీళ్లు తగిలినా, గట్టిగా రాపిడి తగిలినా, కొందరిలో ఒక నొప్పి మాత్ర వేసుకున్నా చాలు, పూనకం వచ్చినట్టు కక్కేస్తుంది.

అలాంటి కణం మీద ముతక బొచ్చుతో రుద్ది, ఎండలో కూర్చోబెట్టడం మా వదిన వైద్యం. దద్దురు లేపడానికి పరిశోధనాలయంలో ఏం చేస్తారో సరిగ్గా అదే దద్దురు తగ్గించడానికి మా వరండాలో చేస్తారు.

నాకు నలభై దాటాక మొదలైంది. ముందు దద్దుర్లే. తర్వాత ఉన్నట్టుండి ముఖం ఎర్రబడి మంటలెత్తడం, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు, కళ్లు తిరగడం. నేను పని చేసేది నందిగామ హైస్కూల్లో, ఇల్లు జగ్గయ్యపేటలో, మావారి ఉద్యోగం సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో. రోజూ హైవే మీద బస్సులో రాకపోకలు. ఒకరోజు పంటి నొప్పికి మాత్ర వేసుకుని బస్సెక్కాను. చిల్లకల్లు దాటకముందే ఒళ్లంతా దద్దుర్లు లేచి సీట్లోంచి జారి కింద పడ్డాను. కండక్టరు బస్సాపి నీళ్లు చల్లాడు. చుట్టూ చేరినవాళ్లు నా గురించి చర్చ పెట్టుకున్నారు. వేడి చేసిందని ఒకరు, పొద్దున టిఫిను మానేసిందని ఒకరు. ఈ వయసులో నెల తప్పిందేమోనని వెనక సీటావిడ అనుమానపడింది.

జగ్గయ్యపేటలో అప్పట్లో మాకున్న డాక్టరుకు లోకంలో రెండే జబ్బులు తెలుసు, వేడి చేయడం, సిమెంటు దుమ్ము పడకపోవడం. రెంటికీ మందు ఒకటే, ఒక సూది. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చునేలోపే సిరంజి నిండేది. నేను మాట్లాడబోతే, "టీచర్ గారూ, మీరు నెట్‌లో చూసి భయపడకండి, టెన్షన్ తగ్గించుకోండి" అనేవాడు. నేనప్పటికి నెట్‌లో ఏమీ చూడలేదు. ఆయన అన్నాకే చూడటం మొదలుపెట్టాను.

మా స్టాఫ్‌రూం మరీ ఘోరం. ఎవరి నోట విన్నా ఇమ్యూనిటీ మాటే. "మేడం, మీకు ఇమ్యూనిటీ తగ్గిందండి" అని మా లెక్కల మాస్టారు ఉసిరి పొడి డబ్బా ఒకటి నా టేబుల్ మీద పెట్టాడు. తను అమ్ముతున్నదే. నాకు ఇమ్యూనిటీ తగ్గలేదు, అది తలకెక్కి తైతక్కలాడుతోంది అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అంతా విని తలూపాడు. "అందుకేనండి, దాన్ని బూస్ట్ చేసుకోవాలి" అన్నాడు. మనిషి బీయస్సీ బీయీడీ. పిల్లలకు లాజిక్ చెప్తాడు.

వదిన ఊరుకుంటుందా. వేదాద్రి తీసుకెళ్లి కృష్ణలో ముంచింది. నరసింహస్వామి దర్శనానికి ముందు ఏటి స్నానం చేస్తే దోషం పోతుందట. మాఘమాసం, తెల్లారగట్ట నీళ్లు. మూడో మునకకే భుజాల నుంచి నడుము దాకా అరచేతంత అరచేతంత బిళ్లలు లేచాయి. మెట్ల మీద వణుకుతూ నిలబడి నా చేతులు ఆవిడకు చూపించాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"చూసావా, లోపలున్నదంతా బయటికొస్తంది" అంది.

తిరుగు ఆటోలో నేను రెండు చేతులా గోక్కుంటూ వచ్చాను. ఆవిడ దారి పొడుగునా పులిహోర తింటూ వచ్చింది.

చివరికి విజయవాడలో ఒక డాక్టరమ్మ దొరికింది. చిన్న వయసు. నా మాట పూర్తయ్యేదాకా వినడమే నాకు వింతగా అనిపించింది. పెన్ను మూతతో నా ముంజేతి మీద ఒక గీత గీసి, వాచీ చూసుకుంటూ కూర్చుంది. చూస్తుండగానే గీత ఉబ్బి తాడులా లేచింది. రక్తపరీక్ష చేయించింది, తర్వాత ఎముకలోంచి మజ్జ తీయించి చూసింది. రిపోర్టులు వచ్చాక నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"మీ ఒంట్లో మాస్ట్ కణాలు ఉండాల్సినదానికంటే ఎక్కువున్నాయండి. మాత్రలతో చాలావరకు అదుపులో ఉంచుకోవచ్చు. కానీ ఎప్పుడైనా ఒక్కసారిగా అన్నీ కక్కితే బీపీ పడిపోతుంది. మీకు కందిరీగ, తేనెటీగ కుడితే మాత్రం అసలు ఆగొద్దు. ఇంటి దగ్గరే అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడలో పొడిచేసి, అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి."

"నేనే పొడుచుకోవాలా?"

"స్పృహ ఉంటే మీరే. లేకపోతే ఇంట్లో ఒకరు. ఒక్కరికైనా బాగా నేర్పించుకోండి."

ఒక్కరు. ఇంత ఊళ్లో, ఇంత బంధుబలగంలో, నేను పడిపోయినప్పుడు నా తొడలో సూది దించే మనిషి ఒక్కరు కావాలి. అది పెద్ద కోరికలా నాకు ఆ రోజు అనిపించలేదు. డాక్టరమ్మ రాసిచ్చిన అడ్రినలిన్ చిన్న గాజు సీసాలు, సిరంజిలు ఒక కంపాస్ బాక్సులో సర్దుకుని, బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చాను.

వాడకానికి పనికిరాని పాత సిరంజిలు ఒక బిస్కెట్ డబ్బాలో వేసి, బత్తాయిలు తెచ్చి, ఆదివారం పూట పాఠం పెట్టాను. సీసా మెడ ఇలా విరవాలి, సిరంజిలోకి సగం మందే లాగాలి, గాలి తీసేయాలి, తొడ బయటి వైపు నిటారుగా దించాలి, మనిషిని పడుకోబెట్టే ఉంచాలి, కూర్చోబెట్టకూడదు. మావారు శ్రద్ధగా విన్నారు. ఆఫీసులో మీటింగుల్లోలా పాయింట్లు కూడా రాసుకున్నారు. సిరంజి చేతికిచ్చి బత్తాయిలో పొడవమంటే, సూది తొక్కలోకి దిగిన చప్పుడుకే ముఖం పాలిపోయి సోఫాలో వెనక్కి వాలారు. ఆయనకు నేను గ్లూకోజు కలిపి ఇచ్చాను.

"ఇదంతా అవసరమంటావా?" అన్నారు కాసేపటికి. "మనకు నూట ఎనిమిది ఉంది కదా. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వస్తారు."

ఆ పది నిమిషాల్లో నేనేమైపోతానో అరగంట చెప్పాను. సరే సరే అన్నారు. మళ్లీ సిరంజి ముట్టుకోలేదు.

వదిన గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి వలుస్తూ ఇదంతా చూసింది. ఆవిడెప్పుడూ గుమ్మంలోనే కూర్చుంటుంది, ఇంట్లోకి వచ్చే ప్రతిదాన్నీ ముందు ఆవిడే వాసన చూడాలి.

"బంగారం లాంటి బత్తాయిలు పాడుచేస్తన్నారు" అంది.

"వదినగారూ, మీరు కూడా ఒకసారి చూడండి" అన్నాను.

"నాకెందుకమ్మా. నా గొంగళి నాకుంది." వలిచిన పాయ గిన్నెలో వేసి, "చీర కట్టుకుని ఉంటే ఎట్టా మరి? చీర మీదనుంచేనా?" అని అడిగింది.

వెక్కిరిస్తోందనుకున్నాను. "చీర మీద నుంచే, ఫర్వాలేదు" అని ముక్తసరిగా చెప్పి ఊరుకున్నాను. పొడిచిన బత్తాయి ఒకటి తీసుకుని, ఒలుచుకుని తినేసింది.

ఆ తర్వాత ఎవరినీ అడగలేదనుకోకండి. పక్కింటి కోడలు నర్సింగు చదివింది, ఆ అమ్మాయిని అడిగితే డాక్టరు లేకుండా చేస్తే కేసవుతుందంది. స్కూల్లో మా హెడ్‌మాస్టరు గారిని అడిగితే, అలాంటివి ఉంటే మెడికల్ లీవు పెట్టుకోమన్నారు. వీళ్లంతా చదువుకున్నవాళ్లే. నేను చచ్చిపోతే నా ఫోటోతో సంతాప సందేశం పెట్టడానికి ఒక్కరూ ఆలస్యం చేయరు. సూది పట్టుకోమంటే మాత్రం అందరికీ చేతులు చల్లబడతాయి. వీళ్లను తలుచుకుంటే దద్దుర్లు రాకుండానే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ నెలలోనే ఇంకో గొడవ జరిగింది. మా ఇంటికొచ్చే వంకాయలన్నీ పుచ్చులే. తొక్క మీద సన్నసన్నని చిల్లులు. కోస్తే లోపల పురుగు మాత్రం కనపడేది కాదు. దద్దుర్ల మనిషికి వంకాయ పడదని నాకు ఎన్నడూ పెట్టని వదిన, ఆ నెలంతా సంచులకొద్దీ వంకాయలు తెచ్చింది. కళ్లు సరిగా కనపడనప్పుడు కూరగాయలు ఎందుకు కొంటారని ఒకరోజు గట్టిగానే అన్నాను. బండివాడు ఇంటి ముందుకొస్తే వాడినీ నాలుగు దులిపాను. వదిన ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం అదే మొదటిసారి, ఆ సంగతి నేను గమనించలేదు.

నాకు ఈ ఇంట్లోంచి పోవాలని ఎప్పట్నుంచో ఉండేది. నందిగామలో కాపురం పెడితే బస్సు ప్రయాణం తప్పుతుంది, దుమ్ము తప్పుతుంది. అసలు మాట చెప్పాలంటే వదిన తప్పుతుంది. ఇన్నేళ్లూ మావారు "అక్క ఒక్కతే ఎట్టా ఉంటది" అని దాటేస్తూ వచ్చారు. జబ్బు పేరు కాగితం మీద పడ్డాక ఆయన నోరు మూతపడింది. నందిగామలో బడికి నడిచి వెళ్లేంత దూరంలో రెండు గదుల పోర్షను చూశాం. వదిన జగ్గయ్యపేట ఇంట్లోనే ఉంటుంది, ఆదివారాలు మేం వచ్చి చూసిపోతాం. అలా అనుకున్నాం. వదినకు చెప్తే, "మంచిది" అంది, అంతే.

మే నెలాఖరు. సామాను సర్దుతున్నాం. మా ఊరి ఎండ గురించి తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఒకవైపు సున్నపురాతి క్వారీలు, ఒకవైపు నల్లరేగడి, మధ్యలో మేము. అట్టపెట్టెలు మోసి మోసి నా మెడ మీదా చేతుల మీదా దద్దుర్లు లేచాయి. మామూలువే, వేడికి వచ్చేవే. మాత్ర వేసుకుని వరండాలో ఫ్యాను కింద కూర్చున్నాను. కళ్లు మూసుకుని ఉన్నాను.

భుజాల మీద బరువుగా ఏదో పడింది. గొర్రె కంపు ముక్కుకు కొట్టింది. అర్థమైంది, పోయే ముందు ఒక్కసారైనా నాకు వైద్యం చేయాలని ఆవిడ కోరిక.

"వదినగారూ, తీయండి" అన్నాను.

"ఉండమ్మా, ఒక్క నిమిషం. పోతా పోతా ఉన్నావుగా" అని మెడ దగ్గర ఒక రుద్దు రుద్దింది.

చెవి కింద నిప్పు పెట్టినట్టయింది. అరిచాను. గొంగళి విసిరికొట్టాను. అది నేల మీద పడి తెరుచుకుంది. మడతల మధ్య తామరకాయలా చిల్లులు చిల్లులుగా ఉన్న చిన్న గూడు, దాని మీద రెండు కందిరీగలు తిరుగుతున్నాయి. ఆ గొంగళిని ఎప్పుడూ ఉతకరు. ఉతికితే గుణం పోతుందట. దులపరు కూడా. ఎండాకాలం గొంగళి కప్పుకోవడానికి భయపడి దద్దుర్ల జనం తక్కువై అది మేకు మీద కదలకుండా వేలాడింది. కందిరీగలకు అంతకంటే మంచి చోటు ఏం దొరుకుతుంది.

"బాక్స్" అన్నాను. ఆ తర్వాత నాలుక మందమైంది. ముఖం భగ్గుమంది, అరచేతులు దురద, చెవుల్లో హోరు. నేల నా వైపు లేచి రావడం గుర్తుంది. చనిపోతున్నానని నాకు స్పష్టంగా తెలిసింది, అదీ ఒక గొంగళి వల్ల అని కూడా తెలిసింది. భయం కంటే ముందు కోపం వచ్చింది. ఇంత చదివి, ఇంత చెప్పి, ఇంత జాగ్రత్తపడి, చివరికి ఈవిడ చేతిలో పోతున్నానే అనుకున్నాను. మావారి గొంతు ఎక్కడో ఫోన్లో "మేడం, మేడం" అంటోంది. ఇంకో గొంతు దగ్గరగా వినిపించింది.

"ఒరేయ్, ఆ డబ్బా ఇటివ్వు."

మిగిలింది మావారు చెప్పగా తెలిసింది. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు, తన పిరికితనం కూడా ఉన్నదున్నట్టు చెప్పారు. కంపాస్ బాక్సు ఆయన చేతిలోనే ఉందట. ఒక సీసా తీసి కింద పడేశారట. పొడవచ్చో లేదో అడుగుదామని విజయవాడ డాక్టరమ్మకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారట. వదిన ఆయన చేతిలోంచి బాక్సు లాక్కుని, చీర కొంగుతో పట్టుకుని రెండో సీసా మెడ విరిచి, సగం లాగి, వెలుతురుకు ఎత్తి చూసి గాలి తీసి, నా తొడలో చీర మీద నుంచే దించేసిందట. దించి, పైకి లాగకుండా కాసేపు అలాగే పట్టుకుందట. పక్కింటివాళ్లు నన్ను లేపి కూర్చోబెట్టబోతే, "పడుకోనివ్వండి, లేపబాకండి" అని అరిచిందట. పక్కింటివాళ్లు ఫోన్ చేసి పిలిపించిన నూట ఎనిమిది వచ్చేసరికి నా నాడి దొరుకుతోందట.

ఆసుపత్రిలో సాయంత్రానికి నా కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. మంచం పక్కన స్టూలు మీద వదిన కూర్చుని ఉంది. చేతుల్లో ఏమీ లేకుండా ఆవిడ కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. వెల్లుల్లో, చింతపండో, వత్తులో ఏదో ఒకటి ఉండేది.

"పొడిచినప్పుడు నెప్పి తెలిసిందా?" అంది.

"లేదు."

"చీర మీదనుంచే దించాలే" అంది.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాను.

"నువ్వు చెప్తా ఉంటే విన్లా? బత్తాయి గట్టిగా ఉంటది, బాగోలా. వంకాయ మెత్తగా మనిషి తొడలాగే ఉంటది. నువ్వు బడికి పోయాక మీ బిస్కెట్ డబ్బాలో పాత సూదులు తీసి పొడిచేదాన్ని." "మా తమ్ముడి సంగతి నాకు తెలవదా. వాడు చిన్నప్పుడు కోడిని కోస్తన్నా పారిపోయేవాడు."

గోడ వైపు తిరిగి పడుకున్నాను. నా ఏడుపు ఆవిడ చూడటం నాకిష్టం లేదు. పుచ్చు వంకాయలని నేను తిట్టిన తిట్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఇక్కడితో ఆవిడ మీద నా అభిప్రాయం మారిపోయిందని రాస్తే బాగుంటుంది. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడే వరండాలో వీధిలోని ఆడవాళ్లంతా చేరారు. లోపల మంచం మీద పడుకుని నేను విన్నాను.

"సూది నేనే పొడిచా అనుకో" అంటోంది వదిన. "కానీ ముందు గొంగళి కప్పబట్టి గానీ, లేకపోతే ఆ విషం ఆగేదా? గొంగళి మీద ఉన్నది కాబట్టే సగం విషం అదే లాగేసింది."

అందరూ అవునన్నారు. కందిరీగ ఆ గొంగళిలోంచే వచ్చింది కదా అని ఒక్కరూ అడగలేదు. ఒకావిడైతే తన మనవడికి దద్దుర్లు వచ్చాయని అప్పటికప్పుడు వాడిని తీసుకొచ్చి కప్పించింది. నేను లేచి వెళ్లి గట్టిగా మాట్లాడే ఓపిక లేక దిండు చెవుల మీద పెట్టుకున్నాను. ఆ మూర్ఖత్వానికి మందు ఏ డాక్టరు దగ్గరా లేదు.

ఆ సాయంత్రం ఆవిడ నా దగ్గరికొచ్చి ఇంకో కోరిక కోరింది. "ఆ చిన్న సీసాలు ఇంకో నాలుగు తెప్పించవే. ఈసారి ఎవరికైనా దద్దుర్లు బాగా వస్తే ఒకటి పొడుస్తా. గొంగళీ ఉంటది, సూదీ ఉంటది."

అది గుండె మీద పనిచేసే మందని, ఊరికే దురదలకు పొడిస్తే మనుషులు పోతారని చెప్పాను. ఎప్పుడు పొడవాలో, ఎప్పుడు పొడవకూడదో మళ్లీ మొదట్నుంచి చెప్పాను. ఊఁ ఊఁ అంది. ఆ ఊఁ నాకు బాగా తెలుసు. బాక్సుకు తాళం వేద్దామనుకున్నాను. చిన్న తాళం కూడా కొన్నాను. కొని, చేతిలో పట్టుకుని, తాళంచెవి ఎవరి దగ్గర ఉంచాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. మావారి దగ్గర ఉంచి లాభం లేదు. నా దగ్గర ఉంచుకుంటే నేను పడిపోయినప్పుడు దాన్ని వెతికే మనిషి కావాలి. ఎటు తిరిగి ఎటు లెక్క వేసినా ఆ తాళంచెవి ఆవిడ బొడ్డులోకే పోయేట్టుంది. తాళం బీరువాలో పడేశాను.

జూన్‌లో నందిగామ మారాం. మారేముందు నేనే వెళ్లి వదినను అడిగాను, మాతో రమ్మని. "నా గొంగళి లేకుండా రాను" అంది. ఉతికించి తెమ్మన్నాను. కుదరదంది. రోజూ డాబా మీద కర్రతో దులపాలన్నాను. దానికి ఒప్పుకుంది. ఇంతకంటే నాకు ఏ రాజీ దొరకలేదు.

కొత్త పోర్షను గోడలకు అప్పుడే సున్నం వేశారు, ఎక్కడా ఒక్క మేకు లేదు. సామాను దించాక వదిన గొంగళి భుజాన వేసుకుని హాల్లో మధ్యలో నిలబడింది. ఇప్పటికీ ఆవిడను చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆవిడ చెప్పే ప్రతి మాటా తప్పు. ఆవిడ చేసే ప్రతి వైద్యం దద్దుర్లను రెచ్చగొట్టేదే. నేను నేల మీద పడి ఉన్నప్పుడు ఈ లోకంలో నా దగ్గరికి వచ్చే చెయ్యి కూడా అదొక్కటే.

"నీ డబ్బా ఎక్కడ పెడతన్నావ్?" అని అడిగింది.

హాల్లో అందరికీ కనపడే అలమర చూపించాను.

"అయితే దీన్ని దాని పక్కనే తగిలిద్దాం. వెతుక్కోకుండా ఉంటది" అంది.

సుత్తి వెతికి తెచ్చి, మేకు నేనే కొట్టాను.